ఎదుటి జట్టు

(పాఠశాల ప్లాటినం జూబ్లీ క్రీడాదినోత్సవ సభలో ఒక పూర్వవిద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

‘క్రీడలు – విద్యార్థి జీవితం’ అనే విషయంపై మాట్లాడవలసిందిగా ఉత్సవ సంఘంవారు నన్ను కోరారు. అది చాలా విశాలమైన విషయం. వారి అనుమతితో దానిని ఒక్క ఆటకు, ఆ ఆటలో ఒక్క ప్రశ్నకు కుదించుకొంటున్నాను. రెండు విద్యాసంస్థల ఫుట్‌బాల్ జట్లు తలపడినప్పుడు ఒక్కొక్కసారి ఆ తొంభై నిమిషాలతోనే అంతా ముగిసిపోతుంది. మరొక చోట అటువంటి ఆట కోసమే రెండు పేటల జనం ఏడాది పొడవునా ఎదురుచూస్తారు. ఈ తేడా ఎక్కడి నుంచి వస్తుంది?

ఇది నాకు ఊరక తోచిన ప్రశ్న కాదు. జూబ్లీ జ్ఞాపకార్థం పదహారు పాఠశాలలను పిలిచి, పెద్ద కప్పు పెట్టి, రెండు రోజుల పోటీ నడపాలని సంఘం ముందు ఒక ప్రతిపాదన ఉన్నది. దానికి బదులు, 1990ల ఆరంభంలో ఆగిపోయిన మన వార్షిక ఆటను, అంటే మనకూ వీధి చివరి తమిళ మాధ్యమ పాఠశాలకూ జరిగే ఆటను, పునరుద్ధరించాలని కొందరం అడుగుతున్నాము. ఉన్న నిధి ఏదో ఒకదానికే చాలుతుంది. నేను రెండవ పక్షంవాడిని. నా మాటలలో పక్షపాతం వినిపిస్తే అది ఉన్నందువల్లనే వినిపిస్తున్నదని గ్రహించగోరుతాను.

మన భాషలో పోటీ, వైరం, స్పర్ధ అని మూడు మాటలున్నాయి. నిఘంటువులు వీటిని కొంత కలిపివేసినా వ్యవహారంలో తేడా స్పష్టమే. ముందెన్నడూ చూడని జట్టుతో ఆడి, గెలిచి, కప్పు పుచ్చుకొని బస్సు ఎక్కితే అది పోటీ. బొబ్బిలికీ విజయనగరానికీ నడిచినది వైరం. 1757 జనవరిలో కోట కాలిపోవడంతో, ఆపైన విజయరామరాజు తన గుడారంలోనే కత్తిపోట్లకు గురికావడంతో ఆ కథ ముగిసింది. ఎదుటివాడు లేకుండా పోవాలన్నది వైరం కోరే ఫలం. స్పర్ధ కోరేది దానికి పూర్తిగా భిన్నమైనది. ఎదుటివాడు ఓడిపోవాలి, కాని వచ్చే ఏడాది మళ్ళీ రావాలి. తిరుపతి వేంకట కవులకూ కొప్పరపు కవులకూ నడిచిన వాగ్యుద్ధంలో పరుషవాక్యాలకు కొదవ లేదు. అయినా ఒక జంట పేరు చెప్పగానే రెండవ జంట పేరు నోటికి రాక మానదు. నేను చెప్పదలచిన స్పర్ధ అటువంటిది.

ఫుట్‌బాల్‌లో ఈ మాటకు మన దేశంలో మొదటి ఉదాహరణ కలకత్తాయే. మోహన్ బగాన్ క్లబ్బు 1889లో పుట్టింది. 1911లో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటును 2–1 తేడాతో ఓడించి ఐ.ఎఫ్.ఎ. షీల్డు గెలిచి దేశమంతటా పేరు గడించింది. దానికి సరిజోడు పుట్టుక మరింత ఆసక్తికరమైనది. 1920లో మోహన్ బగాన్‌తో ఆడవలసిన ఒక ఆటకు జోడాబగాన్ అనే క్లబ్బు శైలేష్ బోస్ అనే ఆటగాడిని పక్కన పెట్టింది. తూర్పు బెంగాలువాడు కనుకనే ఈ అవమానం జరిగిందని భావించిన ఆ క్లబ్బు ఉపాధ్యక్షుడు సురేష్ చంద్ర చౌధురి వెలుపలికి వచ్చి, మిత్రులతో కలిసి అదే సంవత్సరం ఆగస్టు 1న ఈస్ట్ బెంగాల్ క్లబ్బును స్థాపించాడు. 1925 మే 28న లీగులో రెండు జట్లూ మొదటిసారి కలుసుకొన్నాయి. నేపాల్ చక్రవర్తి కొట్టిన ఒక్క గోలుతో కొత్త క్లబ్బు గెలిచింది. దేశవిభజన తరువాత ఇల్లూవాకిలీ విడిచి వచ్చిన లక్షలాది కాందిశీకులకు తమ ఊరి పేరు మిగిలినది ఈ క్లబ్బు పేరులోనే. అటువంటివారు ఆట చూడడానికి వెళ్ళేటప్పుడు తమ వెంట ఏమి తీసుకొని వెళ్తారో ఊహించండి.

ఈస్ట్ బెంగాల్ గెలిచిన రోజున ఇలిశ చేపకు, మోహన్ బగాన్ గెలిచిన రోజున రొయ్యకు బజారులో ధర పెరుగుతుందని చెబుతారు. ఈ ఇలిశ మరేదో కాదు, గోదావరి జిల్లాలవారు ప్రాణం పెట్టే పులసయే. 1997 జూలైలో ఫెడరేషన్ కప్పు సెమీ ఫైనలు చూడడానికి సాల్ట్ లేక్ మైదానానికి దాదాపు 1,31,000 మంది వచ్చారు. ఆనాడు ఈస్ట్ బెంగాల్ 4–1 తేడాతో గెలిచింది. దీనికి మరొక ముఖం కూడా ఉన్నదని పిల్లలు తెలుసుకోవాలి. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఈ రెండు జట్ల ఆట జరుగుతుండగా ప్రేక్షకులలో చెలరేగిన ఘర్షణలో, తొక్కిసలాటలో 16 మంది మరణించారు. స్పర్ధ వైరంగా మారడానికి ఎంతోసేపు పట్టదు. 2024 ఆగస్టులో కలకత్తాలో ఒక యువవైద్యురాలి హత్యపై ఆందోళన చెలరేగి, డ్యురాండ్ కప్పులో ఈ రెండు జట్ల ఆట రద్దయినప్పుడు, ఉభయ క్లబ్బుల అభిమానులూ తమ తమ జెండాలతో కలిసి నిలబడి న్యాయం కోసం నినదించారు. నూరేళ్లుగా ఒకరినొకరు ఎరిగినవారు కనుక అది సాధ్యమయిందని నేననుకొంటాను.

ఇక మనవారికి దగ్గరి సంగతి. ఈస్ట్ బెంగాల్ చరిత్రలో అత్యంత కీర్తి గడించిన ముందు వరుసను ‘పంచ పాండవులు’ అని పిలుస్తారు. వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే. వీరి కాలంలోనే ఆ క్లబ్బు 1949, 1950, 1951 సంవత్సరాలలో వరుసగా మూడుసార్లు షీల్డు గెలిచింది. అయిదుగురిలో బెంగాలీ ఒక్కడూ లేడు. అందరూ దక్షిణాదివారే. అప్పారావు ఆంధ్రదేశం నుంచి వెళ్ళినవాడు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో బూట్లు లేకుండా ఆడిన అహ్మద్ ఖాన్ మన బెంగళూరువాడు. ఈ ఊరిలోనే 2017లో కన్నుమూశాడు. మోహన్ బగాన్ పక్షాన ఆడిన అరుమైనాయగం కూడా బెంగళూరువాడే. అంటే, తూర్పు పడమరల బెంగాలీ స్పర్ధలో ఉభయపక్షాల జెండాలనూ మోసినవారిలో మన ఊరి కుర్రవాళ్ళు ఉన్నారు.

ఈ విషయాన్ని నేను కావాలనే ముందుకు తెస్తున్నాను. “ఇప్పటి పిల్లలకు పాత ఆట సంగతి ఏమి తెలుసు? సగంమంది ఇళ్ళలో తెలుగే మాట్లాడరు. వారికి ఆ పట్టుదల ఎక్కడి నుంచి వస్తుంది?” అని ఒక మిత్రుడు సంఘం సమావేశంలో అడిగాడు. ప్రశ్న సమంజసమైనదే. అప్పారావు ఇంటి భాష బెంగాలీ కాదు. అహ్మద్ ఖాన్ తాతముత్తాతలు ఢాకా నుంచి తరలివచ్చినవారు కారు. ఆ చొక్కా తొడుక్కొని ఆ మైదానంలో దిగినప్పుడు, చుట్టూ కూర్చున్నవారు అప్పటికే ఏళ్ళ తరబడి మోస్తున్నది ఆటగాడి భుజం మీదికి వచ్చి చేరుతుంది. పట్టుదల ఆటగాడు ఇంటి నుంచి తెచ్చుకోనక్కరలేదు, చూసేవారి దగ్గర ఉంటే చాలు.

అయితే కేవలం గొప్ప జట్లు ఉన్నంతమాత్రాన స్పర్ధ పుట్టదు. దీనికి మన ఊరూ హైదరాబాదూ తార్కాణాలు. బెంగళూరు ముస్లిమ్స్ జట్టు 1937లో, 1938లో బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. అప్పటిదాకా ఏళ్ళ తరబడి బ్రిటిష్ సైనిక జట్లకే దక్కుతూ వచ్చిన కప్పు అది. మైసూరు రాష్ట్రం 1946లో, మళ్ళీ 1952లో సంతోష్ ట్రోఫీ గెలిచింది. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు సాధించింది. వారిని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం, ఉపాధ్యాయులైన మీరంతా గర్వించదగినట్లు, వృత్తిచేత బడిపంతులు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు నాలుగవ స్థానం పొందినప్పుడు, 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం గెలిచినప్పుడు శిక్షకుడు ఆయనే. ఇంతటి రెండు నగరాలు. వీటి మధ్య కలకత్తాలో వలె ఒక స్పర్ధ ఎందుకు వేళ్ళూనలేదు? ఎక్కడో బొంబాయిలోనో ఢిల్లీలోనో చీట్లు తీసినప్పుడు ఎదురుపడితే ఎదురుపడేవారు, లేకపోతే లేదు. ఫలానా తేదీ, ఫలానా మైదానం, ఫలానావాడే ఎదురు అన్న నియమం లేకపోయింది.

ఇటీవలి కాలంలో మరొక అవకాశం వచ్చింది. 2013లో బెంగళూరు ఎఫ్.సి., 2019లో హైదరాబాద్ ఎఫ్.సి. ఏర్పడ్డాయి. రెండూ ఒకే లీగులో ఏటా రెండుసార్లు ఆడాయి. 2022లో హైదరాబాదు జట్టు లీగు ఛాంపియన్ కూడా అయింది. ఇక పాత లోటు తీరుతుందని మావంటివారం ఆశపడ్డాము. 2025లో ఆ క్లబ్బు యాజమాన్యం, పేరు మారి ఢిల్లీకి తరలిపోయింది. క్లబ్బు ఒక ఊరి నుంచి మరొక ఊరికి బదిలీ అవుతుందని తెలిసిన తరువాత, దాని ఓటమికి తాతా మనవడూ కలిసి అన్నం మానడం జరగదు.

అమెరికాలో స్థిరపడిన మన పూర్వవిద్యార్థులకు అక్కడి కళాశాలల ఫుట్‌బాల్ సంగతి తెలుసు. అది మన ఆట కాదు. కోలగా ఉండే బంతిని చేత పట్టుకొని పరుగెత్తే ఆట. కాని స్పర్ధ ఎలా పుడుతుందో, ఎలా ఆగుతుందో, ఆగినది ఎలా లేస్తుందో తెలుసుకోవడానికి అంతకన్నా మంచి పాఠ్యపుస్తకం లేదు. అలబామా రాష్ట్రంలో రెండు విద్యాసంస్థలు, అలబామా విశ్వవిద్యాలయమూ ఆబర్న్ కళాశాలా, 1893 నుంచి ఆడుతూ వచ్చి 1907 తరువాత ఆపివేశాయి. కారణం వింటే నవ్వు వస్తుంది. ఆటగాళ్ళకు ఇవ్వవలసిన దినభత్యం ఎంత, రిఫరీని ఎక్కడి నుంచి పిలవాలి అన్న పేచీ. నలభై ఒక్క సంవత్సరాలు ఒకరితో ఒకరు ఆడలేదు. చివరకు రాష్ట్ర శాసనసభ కలుగజేసుకోవలసి వచ్చింది. 1948లో ఆట మళ్ళీ మొదలయ్యే ముందు ఉభయ విద్యార్థి నాయకులూ బర్మింగ్‌హామ్ నగరంలోని ఒక ఉద్యానవనంలో ఒక గొడ్డలిని లాంఛనంగా గోతిలో పాతిపెట్టారు. ఆ ఏడాది అలబామా 55–0 తేడాతో గెలిచింది. అటువంటి ఓటమి తరువాత మన బోటివాళ్ళం మరి నలభై ఏళ్ళు ఇంట్లో కూర్చొనేవాళ్ళమేమో! మరుసటి ఏడాది ఆబర్న్ 14–13తో గెలిచింది. ఆ ఒక్క పాయింటు తేడా నాటినుంచి నేటిదాకా అక్కడి ఇళ్ళలో సజీవంగా ఉన్నది. టెక్సాస్‌లోనూ అంతే. 1894లో మొదలైన టెక్సాస్ విశ్వవిద్యాలయం, టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయాల ఆట 2011 తరువాత ఆగి, 2024 నవంబరులో తిరిగి జరిగింది. ఆ మధ్యకాలంలో రెండూ ఎందరితోనో ఆడాయి, గెలిచాయి. ఏ ఆటా దాని స్థానాన్ని పూరించలేదు.

ఆ దేశపు సైనిక, నౌకా విద్యాలయాలు 1890 నుంచి ఆడుతున్న ఆటలో ఒక ఆచారం ఉన్నది. ఆట ముగియగానే రెండు జట్లూ కలిసి, మొదట ఓడిన పక్షం విద్యార్థుల ముందు నిలబడి వారి విద్యాలయ గీతం పాడతాయి. తరువాత గెలిచినవారి గీతం. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ ప్రస్తావిస్తాను.

ఇప్పుడు మన వీధికి వద్దాము. దసరా సెలవులకు ముందటి శనివారం మధ్యాహ్నం ఆ ఆట జరిగేది. బంతి అడిగేటప్పుడు మేము తెలుగు, వారు తమిళం. ఒకరినొకరు ఆటపట్టించేటప్పుడు మేము తమిళం, వారు తెలుగు. నిజంగా తగవు వస్తే ఇరుపక్షాలూ కన్నడంలోకి దిగేవారు, ఎందుకంటే రిఫరీ కన్నడిగుడు. విరామ సమయంలో ఆతిథ్యం ఇచ్చే పాఠశాలవారు ఫలహారం పెట్టేవారు. మన వంతు వచ్చినప్పుడు పులిహోర, వారి వంతు వచ్చినప్పుడు శనగలు. అవి గుగ్గిళ్ళా, సుండలా అనే వాదం ఏటా తెగేది కాదు. లెక్క తీస్తే గెలుపులలో వారిదే కొంచెం పైచేయి. కాని ఏ ఏడాదీ ఫలితం ముందుగా తెలిసేది కాదు. ఒకరే ఎల్లప్పుడూ గెలిచే ఆటకు ఇన్నేళ్ళ ఆయుష్షు ఉండదు.

మీలో వయసు మళ్ళినవారికి 1967 నాటి గోలు గుర్తుండే ఉంటుంది. ఆ ఏడాది గోలు స్తంభాలకు వల లేదు. చిరిగిపోయింది, కొత్తది కొనలేదు. చివరి నిమిషాలలో మనవాడు కొట్టిన బంతి స్తంభానికి లోపలి నుంచి పోయిందని మనము, బయటి నుంచి పోయిందని వారు. రిఫరీ గోలు ఇచ్చాడు. ఆ రెండు జట్లలోని కుర్రవాళ్ళు ఆ తరువాత ఐ.టి.ఐ.లో, హెచ్.ఎ.ఎల్.లో, బి.ఇ.ఎం.ఎల్.లో ఉద్యోగాలలో చేరారు. ఒకే షాపులో పక్కపక్క యంత్రాల మీద ముప్పై ఏళ్ళు పనిచేసినవారూ ఉన్నారు. వారి క్యాంటీనులో ఆ బంతి లోపలికీ బయటికీ కొన్ని వేలసార్లు పోయి ఉంటుంది. పదవీ విరమణ సభలో కూడా అదే మాట. ఒకరి కూతురి పెళ్ళికి రెండవవారు పందిరి దగ్గర నిలబడి అతిథులను ఆహ్వానిస్తూ, “లోపలికి రండి, మీ బంతి మాత్రం బయటే పోయింది” అనడం నేను విన్నాను. నేడు ప్రతి గోలునూ యంత్రం చూసి తీర్పు చెబుతున్నది. అది న్యాయమే, కాదనను. కాని ఆనాడు వల లేకపోవడం వల్ల మనకు కలిగిన లాభం చిన్నది కాదు.

ఆట ఎందుకు ఆగింది? తగవు వల్ల కాదు. మైదానం పోయింది. ఈ నగరంలో సంపంగి చెరువు కంఠీరవ క్రీడాప్రాంగణమయింది, ధర్మాంబుధి చెరువు బస్సుస్టాండయింది. చెరువులకే దిక్కులేని చోట మైదానం ఒక లెక్కా! ఒక ఏడాది వేరే చోటు దొరకలేదన్నారు. మరుసటి ఏడాది మా డ్రిల్లు మాస్టారు పదవీ విరమణ చేశారు. మూడవ ఏడాది అడిగేవారు లేకపోయారు. పెద్ద సంస్థలకు దినభత్యం పేచీ అయినా ఉన్నది, మనకు అది కూడా లేకుండానే ఆగిపోయింది.

పదహారు జట్ల కప్పు ప్రతిపాదనను నేను తేలికగా తీసివేయను. పత్రికలలో పేరు వస్తుంది, దాతలు ముందుకు వస్తారు, మన పిల్లలు మంచి జట్లను చూస్తారు. అయితే వచ్చిన పదిహేను పాఠశాలలూ రెండవ రోజు సాయంత్రం వెళ్ళిపోతాయి. వాటిలో ఏదీ మరుసటి ఏడాది దసరా ముందు శనివారంనాడు మన గేటు వైపు చూడదు. తమిళ పాఠశాలవారు చూస్తారు, ఎందుకంటే వారి పరిస్థితీ మన పరిస్థితీ ఒకటే. మాతృభాషా మాధ్యమంలో చేరే పిల్లల సంఖ్య ఇరుచోట్లా తగ్గుతూ వస్తున్నది. ఈ ఊరిలో మనల్ని ఏటా గుర్తుపెట్టుకొని ఎదురుచూడగల మరొక పాఠశాల ఏదైనా ఉంటే సంఘంవారు నాకు చూపించాలి.

ఆటకు అంగబలం లేదన్న అభ్యంతరం మిగిలింది. ఉభయులకూ పదకొండుమంది దొరకడం కష్టమే. ఏడుగురితో ఆడవచ్చు. చిన్న మైదానం చాలుతుంది, అద్దె కూడా తగ్గుతుంది. బాలికలకు వేరుగా ఒక ఆట పెట్టవచ్చు. మన కాలంలో వారు గట్టు మీద కూర్చొని చూడవలసి వచ్చేది, ఇక ఆ అవసరం లేదు. ఉల్సూరు దగ్గర గౌతంపురంలో పేలే విగ్రహం నెలకొల్పుకొన్న ఊరు మనది. బూట్లు లేని పిల్లలకు ఆట నేర్పిన పెద్దలు ఈ నగరంలో ఇంకా ఉన్నారు, అడిగితే వచ్చి నేర్పుతారు. రిఫరీ తెలుగువాడూ తమిళుడూ కాకూడదన్న పాత నియమం ఉంచుదాము. ఫలితాల పుస్తకం రెండు ప్రతులు రాయించి, మన ప్రతి వారి దగ్గర, వారి ప్రతి మన దగ్గర ఉంచుదాము. ఆట ముగిశాక ఓడిన పాఠశాల ప్రార్థనాగీతం రెండు జట్లూ కలిసి ముందుగా పాడాలని నా కోరిక. అందుకు మన పిల్లలు ఒక తమిళ గీతం, వారి పిల్లలు ఒక తెలుగు గీతం నేర్చుకోవలసి వస్తుంది. సంగీతం ఉపాధ్యాయినిగారు ఇప్పటికే ఒప్పుకొన్నారు.

పోయిన వారం ఆ పాఠశాల ప్రధానోపాధ్యాయులను కలుసుకొన్నాను. వారి వద్ద తొమ్మిదిమంది పిల్లలు సిద్ధంగా ఉన్నారు. 1967 గోలు విషయం ముందుగా తేల్చుకొందామా అని ఆయన నవ్వుతూ అడిగారు, వద్దన్నాను. మన జాబితాలో ఎనిమిది పేర్లు చేరాయి. గోలీగా నిలబడడానికి మాత్రం ఇంకా ఎవరూ రాలేదు. ఆసక్తి ఉన్నవారు, అబ్బాయి అయినా అమ్మాయి అయినా, సభ ముగిశాక వేదిక ఎడమవైపు కూర్చున్న వ్యాయామోపాధ్యాయులవారికి పేరు ఇవ్వగలరు. వల కొత్తది కొన్నాము.